చేతుల మీద కూర్చునే అత్త

తన ఇంట్లోనే ఇరుగుపొరుగువాళ్ల పసిపిల్లల్ని చూసుకునే ఒకావిడకి పెరట్లో ఇసుక గుట్ట పక్కన చాప పరుచుకుని, రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చోవడం అలవాటు. వదిలేస్తే ఆ చేతులు ఊరుకోవనీ, పిల్లల పని లాగేసుకుంటాయనీ ఆవిడ భయం. ముక్కు కారితే, మోకాలు గీసుకుంటే చటుక్కున బయటికొస్తాయి. ఆటకి మాత్రం రావు. పిల్లలకి ఆవిడ "అత్త".

ఓ సాయంత్రం వాళ్లలో ఒక బుడ్డోడు తను రంగులేసిన కాగితం జెండా పట్టుకుని గుట్టెక్కుతున్నాడు. సగం ఎక్కేసరికల్లా ఇసుకతోపాటు జారిపోతున్నాడు, ఏడుస్తున్నాడు, మళ్లీ ఎక్కుతున్నాడు. వాణ్ణి తీసుకెళ్లడానికొచ్చిన అమ్మమ్మకి మనసాగలేదు. "కాస్త చెయ్యందిస్తే నీ సొమ్మేం పోతుందమ్మా?"

"నాది కాదు పిన్నిగారూ, వాడి సొమ్ము పోతుంది," అంది అత్త, వాడి మీదనుంచి చూపు తిప్పకుండానే.

బుడ్డోడు చెప్పులు విసిరేశాడు. జెండాని నిక్కరు నడుములో దోపుకుని, చేతులూ కాళ్లూ ఇసుకలో దిగేసి పాకాడు. గుట్ట నెత్తిన జెండా గుచ్చి, "నేనే ఎక్కా!" అని వీధంతా వినబడేలా అరిచాడు. అత్త చేతులు బయటికి తీసింది. తిమ్మిరెక్కి, చాప అల్లిక అచ్చుపడిన అరచేతులతో చప్పట్లు కొట్టింది. అమ్మమ్మ ఆ చాప మీదే చతికిలబడి, తన చేతులు రెండూ తొడల కిందికి తోసేసుకుంది.

"ఏదీ, మళ్లీ ఎక్కరా నాయనా, చూద్దాం!"