సున్నా వేసేముందు పిలిచే రత్నమ్మ మేడం

మా ఉదయగిరి కళాశాల కంప్యూటర్ అధ్యాపకురాలు పెంచలరత్నమ్మ గారు హఠాత్తుగా కన్నుమూశారన్న దుర్వార్త, ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి ఉండగా నాకు ఫోన్లో అందింది. చెప్పినవారు ప్రిన్సిపాల్ గారు. గుండెపోటు అన్నారు. ముందురోజు సాయంత్రం దాకా ల్యాబ్‌లో పిల్లల మధ్య నవ్వుతూ తిరిగిన మనిషి, తెల్లవారేసరికి మర్రిపాడు పక్కన తన సొంత ఊళ్లో నిర్జీవంగా పడి ఉందంటే మనసు ఎలా ఒప్పుకుంటుంది? "ఎక్కతావా, దిగతావామ్మా, ఏందో ఒకటి తేల్చు" అని కండక్టరు గదమాయించేదాకా నేను అలాగే నిలబడి ఉన్నాను. సీట్లో కూర్చున్నాక ఏడుపు వచ్చింది. ఏడుపు వెనకాలే భయం వచ్చింది. వారంలో చివరి సెమిస్టర్ ప్రోగ్రామింగ్ పరీక్ష ఉంది. ఆ పరీక్షను దిద్దే యంత్రాలను కూర్చిపెట్టిన చెయ్యి చల్లబడిపోయింది.

పిల్లలకు ఆమె రత్నమ్మ మేడం. నాకు రత్నక్క. ఇకమీదట అలాగే రాస్తాను, పెద్దలు మన్నించాలి. నేను గణితం చెబుతాను. మా నాయనకు ఆత్మకూరులో టోకు కిరాణా అంగడి. గిరాకీ లేకపోతే ఆయనకు దిగులు, ఉంటే ఇంకా దిగులు. ఆ దిగులే నాకు వారసత్వంగా వచ్చింది. "నీ గాబరాకి వైరు తగిలిస్తే ల్యాబంతా ఫ్యాన్లు తిరగతాయమే" అని రత్నక్క నన్ను ఆటపట్టించేది. నేను ఉడుక్కునేదాన్ని. ఆమె టిఫిను మూత తీసి నా ముందు పెట్టేది.

స్టోరు గదిలో మూలన పడేసిన పాత కంప్యూటర్లను దుమ్ము దులిపి, పనికొచ్చేవి ఏరి, ఒకదానితో ఒకటి కలిపి సర్వర్లుగా మార్చింది ఆమే. పిల్లలు ల్యాబ్‌లో ప్రోగ్రాం రాసి పంపుతారు. సర్వర్లు దాన్ని అందుకొని, రకరకాల అంకెలిచ్చి నడిపించి, వచ్చిన జవాబు సరైనదో కాదో చూసి మార్కు వేస్తాయి. అంతకుముందు ఆ దిద్దుబాటంతా అధ్యాపకుల చేతుల్లో ఉండేది. ఫలానా వాళ్ల పిల్లలకు ముఖం చూసి మార్కులు వేస్తారన్న అపవాదు కూడా ఉండేది. యంత్రం వచ్చాక ఆ మాట పోయింది. అందరూ పొగిడిన రోజున అక్క నాతో అన్న మాట వేరు: "మిషనుకి మొగమాటం ఉండదమే. మంచిదే. బుద్ధి గూడా ఉండదు. అది మనం పక్కన కూర్చోని పెట్టాల."

తొలి రోజుల్లో ఒక విద్యార్థి ప్రోగ్రాం ఎక్కడ ఆగాలో తెలియక తిరుగుతూనే ఉండిపోయింది. వెనక వరుసలో ఉన్న అందరి ప్రోగ్రాములూ నిలిచిపోయి ల్యాబంతా గగ్గోలెత్తింది.  నాకేమీ సంబంధం లేదు, అయినా అందరికంటే ముందు గాబరాపడింది నేనే. మర్నాటికి అక్క ఎవరి ప్రోగ్రాం వాళ్ల పెట్టెలో విడిగా నడిచేలా, గడువు దాటితే దానంతటదే ఆగిపోయేలా మార్చేసింది. ఎలాగని అడిగితే గొర్రెల మంద మధ్య పెరిగిన మనిషి కదా, ఆ భాషలోనే చెప్పింది. "గొర్రెపిల్లల్ని గంప కింద మూస్తాం, సూసినావా? ఎంత ఎగిరినా దాని గంపలోనే ఎగరతాది. పక్కదాన్ని తొక్కదు."

ఆ గడువే మరో ఏడాది వేసవిలో ప్రాణం మీదకు తెచ్చింది. ఉదయం పరీక్ష రాసినవాళ్లు బాగానే గట్టెక్కారు. మధ్యాహ్నం రాసినవాళ్లలో చాలామందికి గడువు మించిందని సున్నాలు వచ్చాయి. మధ్యాహ్నం బ్యాచీ వాళ్లు బద్ధకస్తులని స్టాఫ్ రూములో తీర్పు కూడా అయిపోయింది. అక్క మాత్రం లేచి స్టోరు గదికి వెళ్లి, సర్వరు మీద అరచెయ్యి ఆనించింది. నన్నూ పెట్టమంది. పెట్టీ పెట్టగానే చురుక్కుమంది.

"ఎండ నడినెత్తికి వస్తే మంద యాడికాడ తలకాయలు కిందకేసి నిలబడిపోతాది. అదిలించినా అడుగెయ్యదు. ఇదీ అంతే. మిషను నిలబడిపోయి, పిల్లోళ్లు నిలబడినారని సున్నా ఏసింది" అంది.

మర్నాడు మర్రిపాడు నుంచి మొదటి బస్సులో వచ్చి, ఉదయగిరి కొండ మీద ఎండ పడకముందే అవే ప్రోగ్రాములను మళ్లీ నడిపించింది. మధ్యాహ్నం పిల్లల్లో ఎక్కువమంది గట్టెక్కారు. అప్పటినుంచి మా కళాశాలలో అదొక ఆచారమైంది. పరీక్షనాడు ఒకసారి, మర్నాడు పొద్దున్నే చల్లదనంలో మరోసారి నడపాలి. రెండింటిలో ఏ మార్కు ఎక్కువైతే అది పిల్లలది. సర్వర్లున్న ఏ ఊళ్లోనూ ఇలా చేస్తారని నేను వినలేదు. ఉదయగిరి ఎండ ఎరిగినవాళ్లకే ఆ అవసరం తెలుస్తుంది.

పొద్దున కూడా సున్నాయే వచ్చినవాళ్లను అక్క ఒక్కొక్కరినే పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేది. "నీ ప్రోగ్రాం ఏం జేస్తాదో మీ అవ్వకి జెప్పినట్టు చెప్పు" అనేది. పిల్లలు తెలుగులో చెబుతూ చెబుతూ సగంలో నాలుక కరుచుకునేవారు. తప్పు ఎవరిదో అక్కడే తేలిపోయేది. ఒక్కోసారి అది ప్రశ్నపత్రం తప్పు కూడా అయ్యేది, అప్పుడు అందరికీ మార్కులు వేసేది. జాలిగుండె అనుకుంటారేమో, కాదు. ఎవరిదో ప్రోగ్రాం తెచ్చి పెట్టుకున్న ఒక కుర్రాడు ఒక్క వరుస కూడా వివరించలేకపోయాడు. తండ్రి పలుకుబడి గురించి మాత్రం చక్కగా వివరించాడు. సున్నా కదల్లేదు. "ఎందుకొచ్చిందో తెలిసిందా?" అని అడిగింది. తెలిసింది మేడం అన్నాడు. "అయితే పో, బువ్వ తిను" అని పంపేసింది. వాడు వెళ్లాక నాతో అన్నది నా చెవుల్లో ఇంకా ఉంది. "సున్నా వస్తే పోయిందేం లేదు, మళ్లా రాసుకుంటారు. ఎందుకొచ్చిందో తెలీని సున్నా ఉండాదే, అదమే పాపం."

అంత్యక్రియలకు వెళ్లినప్పుడు అక్క తల్లి నా చెయ్యి పట్టుకొని వదల్లేదు. "నువ్వు గూడా ఆ మిషన్ల కాడ పనిజేసే మేడమేనా?" అంది. అవునో కాదో చెప్పేలోగానే, "నా బిడ్డ అన్నం కాడ గూడా వాటి మాటే. ఇంక వాటిని ఎవురు జూస్తారు?" అని అడిగింది. నేను చూస్తానవ్వా అన్నాను. గణితం పంతులమ్మను, ఆ మాట ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలియదు. శవం ముందు కూర్చున్న తల్లికి కాదని ఎవరు చెప్పగలరు?

పరీక్ష వచ్చింది. అక్క నేర్పిన నాలుగు ముక్కలతో, వేయి దేవుళ్లకు మొక్కుకుంటూ సర్వర్లను నడిపాను. మర్నాడు పొద్దున్నే మళ్లీ నడిపాను. కొన్ని సున్నాలు మిగిలాయి. "ఈసారికి మిషన్ ఏమిస్తే అదే పంపిద్దాంలేమ్మా, ఆమె ఉన్నింటే వేరు" అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఆయన చెడ్డవారు కాదు, అలసిపోయి ఉన్నారు. నేను జన్మలో మొదటిసారి ఆయనకు ఎదురు చెప్పాను. మార్కులు పంపడానికి నెలాఖరు దాకా గడువిచ్చారు. పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచాను. చెప్పించాను. ఒక్కరు తప్ప అందరిదీ తేలిపోయింది.

ఆ ఒక్కరు కొండాపురం నుంచి వచ్చే మల్లీశ్వరి. బెంగళూరులో ఉద్యోగం ఖాయమైంది. ఈ పేపరు పోతే అదీ పోతుంది. ఆ అమ్మాయి ప్రోగ్రాం ల్యాబ్ కంప్యూటర్లో చక్కగా నడుస్తుంది, సర్వరులో పెడితే మధ్యలో ఆగిపోతుంది. ఎండ లేదు, గడువు మించలేదు. పరీక్ష అయ్యాక అక్క స్థానంలో చేరిన కొత్త కంప్యూటర్ అధ్యాపకుడు కూడా చూసి తల గోక్కున్నాడు.

"ఇంకోసారి చెప్పు మల్లీ" అన్నాను.

"ఎన్నిసార్లు జెప్పినా అదే గదా మేడం. ఇక్కడ మీ కళ్లముందరే జవాబు వచ్చినాది. అక్కడికి పోతే ఆగిపోతా ఉండాది."

 ఆ పిల్ల కళ్లు తుడుచుకుంది. "నా తప్పయితే ఒప్పుకుంటా మేడం. ఏడవను. ఏందో చెప్పండి, అంతే."

"నాకు తెలీడం లేదు మల్లీ" అన్నాను.

అక్క పోయిన కబురు విన్నాను, ఆమె ముఖం మీద పసుపు చూశాను, మట్టి వేశాను. అయినా ఆమె లేకపోవడమంటే ఏమిటో ఆ మాట నా నోట వచ్చినప్పుడే నాకు తెలిసింది. "ఆడపిల్ల బతుకు, మార్కులేసి పంపేయరాదా" అన్నాడు మా నాయన. వేయొచ్చు. నిజంగా తప్పున్న ప్రోగ్రాముకు మార్కు వేస్తే, తమ తప్పు ఒప్పుకొని సున్నా తీసుకున్న మిగతా పిల్లల ముఖం నేనెలా చూడను? తప్పు లేకపోతే, సున్నా వేసి ఈ పిల్ల ముఖం ఎలా చూడను?

పూర్వ విద్యార్థుల పత్రికకు అక్క గురించి నాలుగు మాటలు రాయమన్నారు. ఆమె విద్వత్తును కొలిచే శక్తి నాకు లేదు. ఆ విద్యాదాత పాదాలకు వందనం చేసి, ఆమె శిష్యులైన మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. మీరు బెంగళూరులో, హైదరాబాదులో, ఎక్కడెక్కడో ఉన్నారు. మీలో చాలామంది ఏదో ఒక పొద్దున ఆమె పక్కన కూర్చొని మీ ప్రోగ్రాం చెప్పినవారే. సంతాప సభకు రాలేకపోతే రావద్దు, దండలు పంపొద్దు. నెలాఖరులోగా ఎవరైనా కళాశాలకు ఫోన్ చేసి మల్లీశ్వరి ప్రోగ్రాం అడగండి. నాకు కనబడనిది మీకు కనబడవచ్చు. మీకూ కనబడకపోతే, ఎందుకో చెప్పకుండా ఆ సున్నా నేనే ఆ పిల్లకు ఇవ్వాలి. రత్నక్క ఉన్నన్నాళ్లూ ఈ కళాశాలలో అలాంటి సున్నా ఒక్కటీ పడలేదు.