అంచులు కోసిన పేకకట్ట

మొన్న తార్నాకలో మెట్రో ఎక్కాను. నా ఎదుట నిలబడ్డ ఒక కుర్రవాడు సంచిలోంచి పేకకట్ట తీసి, ఒంటిచేత్తో దాన్ని రెండుగా విడదీసి, మళ్లీ కలిపి, విసనకర్రలా విప్పి, మూసి, ఎవరి మెప్పూ అక్కర్లేనట్టు కిటికీ బయటకు చూస్తూ అలా తిప్పుతూనే ఉన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుముఖాలతో చూస్తున్నారు, ఒక తల్లి తన బిడ్డకు వేలుపెట్టి చూపించింది కూడా. నేనొక్కణ్ణే పైనున్న కమ్మీని గట్టిగా పట్టుకుని, ఎవరైనా వస్తున్నారేమోనని బోగీ ఆ చివరికీ ఈ చివరికీ చూశాను. అరవై నాలుగేళ్ల మనిషిని, పింఛను తీసుకుంటున్నవాణ్ణి, ఎవరో పిల్లవాడి చేతిలో పేకముక్కలు చూసి నేనెందుకు భయపడాలని నా మీద నాకే కోపం వచ్చింది.

తొంభైల నడిమి రోజుల్లో నేను యూనివర్సిటీ లైబ్రరీ బైండింగ్ సెక్షన్‌లో రోజుకూలీని. చినిగిన పుస్తకాలకు కుట్లు వేయడం, అట్టలు కట్టడం, కటింగ్ మిషన్ మీద అంచులు సమంగా కోయడం నా పని. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఆ తర్వాత నాకు వచ్చిన చదువంతా, ఇంగ్లీషుతో సహా, జిగురు ఆరేలోగా పుస్తకాలు తిరగేసి నేర్చుకున్నదే. డిగ్రీలున్నవాళ్లు నన్ను చూసి వీడికేం తెలుసులే అన్నట్టు మాట్లాడితే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, సరే, ఆ గొడవ ఇప్పుడెందుకు. ఎనిమిదేళ్లు అలా గడిచాక, పర్మనెంటు చేయవలసినవాళ్ల జాబితా తయారవుతోందని, అందులో నా పేరు కూడా ఉందని తెలిసింది. తార్నాకలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాళ్లం, నా భార్యకు ఏడో నెల. ఆ జాబితాలో పేరు నిలవడం తప్ప మరో ధ్యాస ఉండకూడని రోజులవి.

కానీ అంతకు ఆరు నెలల ముందే నాకొక ధ్యాస పట్టుకుంది. ఎవరో ఊరు విడిచిపోతూ లైబ్రరీకి ఇచ్చిన పాత పుస్తకాల పెట్టె ఒకటి మా సెక్షన్‌కు వచ్చింది. అందులో పుస్తకాల అడుగున ఒక వీడియో క్యాసెట్ ఉంది. పేకముక్కలను చేతుల్లో అందంగా తిప్పడమెలాగో నేర్పే క్యాసెట్ అది. ఆట కాదు, గారడీ కాదు, కేవలం తిప్పడం. పుస్తకాల లెక్కలోకి రాదు గనక ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. వీడియో గదిలో అటెండరు మా షడ్డకుడే, అంటే నా భార్య అక్క మొగుడు. మధ్యాహ్నం అన్నాల వేళ లోపల గడియ పెట్టి ఆ క్యాసెట్ వేసేవాళ్లం.

"ఏంది తమ్మీ నీ పిచ్చి? గీ పత్తాలు ఎవడన్న చూసిండంటే నీతోని నా కొలువు గూడ పోతది" అని ఆయన రోజూ గొణిగేవాడు. గొణిగి, గొణిగి, మళ్లీ తానే, "ఆగాగు, ఎన్కకు తిప్పు, గా చిటికెనేలు ఏడ పెట్టిండో సూద్దాం" అనేవాడు.

నా చేతులు చిన్నవి. పదేళ్ల పిల్లవాడి చేతులంత ఉంటాయి. బైండింగులో అది వరమే, లావు పుస్తకం వెన్నులోకి నా వేళ్లు దూరినట్టు ఇంకెవరివీ దూరేవి కావు. పేకకట్టకు మాత్రం అవి చాలలేదు. ఒంటిచేత్తో పైసగం లేపబోతే అది అరచేతికి తట్టుకుని కట్టంతా నేల మీద పడేది. క్యాసెట్‌లోని మనిషివి చేటలంత చేతులు. అతగాడు మధ్యలో ఆగి, చేతులు చిన్నవైనవాళ్లు మరికొంచెం సాధన చేయాలని చెప్పి నవ్వాడు. సాధన చేస్తే చేతులు పెరుగుతాయా? మీరే చెప్పండి. ఆ నవ్వుకు నాకొచ్చిన కోపంలోనే నేను చేయకూడని పని చేశాను. కట్టను కటింగ్ మిషన్‌లో బిగించి, పొడవులో అటొక గోధుమగింజంత, ఇటొక గోధుమగింజంత కోసి, పదునెక్కిన మూలలను గరుకు కాగితంతో గుండ్రంగా అరగదీశాను. ఆ తర్వాత కట్ట నా చేతిలో పిట్టలా ఒదిగింది.

ఆదివారం నా భార్య ప్రార్థనకు వెళ్లాక స్నానాలగదిలో గడియ పెట్టుకుని, ముక్కలు తడిలో పడకుండా ఒళ్లో తువ్వాలు పరుచుకుని తిప్పేవాణ్ణి. ఇంట్లో పేకముక్క ఉంటే ప్రార్థన పైకి పోదని మా అత్తవారి నమ్మకం. మెట్ల మీద అడుగుల చప్పుడైతే చాలు, చెంబుతో నీళ్లు గుమ్మరించుకునేవాణ్ణి. ఎన్ని ఆదివారాలు అలా రెండుసార్లు తలస్నానం చేశానో.

ఇంతలో క్యాంపస్ వెనక రాళ్లగుట్ట దగ్గర పేకాడుతూ ముగ్గురు రోజుకూలీలు పట్టుబడ్డారు. మర్నాటి నుంచి వాళ్లను గేటులోపలికి రానివ్వలేదు. ఎవరి దగ్గర ముక్క దొరికినా అదే గతి అని అన్ని సెక్షన్లకూ చెప్పారు. శనివారాలు ఇంటికి తీసుకుపోయే కట్ట అప్పటికి మా సెక్షన్‌లోనే, అట్టల దొంతరలో, అడుగు నుంచి మూడో అట్ట కింద ఉంది. తీసి బయటికి తీసుకుపోదామంటే గేటు దగ్గర జేబులు తడిమి చూస్తున్నారు. అక్కడే ఉంచుదామంటే ఆ దొంతర రోజురోజుకూ తరుగుతోంది. అట్టలు తరగకుండా నాలుగు రోజులు పని నెమ్మదిగా చేశాను, ఇంతకంటే పిచ్చి ఉంటుందా? ఐదో రోజు మా సూపరింటెండెంటు సారే, పని ఎందుకు సాగడం లేదో చూద్దామని వచ్చి, తన చేత్తో అట్టలు లెక్కపెట్టారు.

సారు కోస్తావైపు మనిషి, చర్చిలో వాక్యం చదివే పెద్దమనిషి. గొంతు ఎప్పుడూ లేపరు, మాకు ఆయనంటే భయం అందుకే. కట్టను చేతిలోకి తీసుకుని, అంచు మీద బొటనవేలు నడిపారు.

"ఏమయ్యా, మన కత్తికి ఓ నొక్కుంది, కోసిన ప్రతి పుస్తకం మీదా సన్నటి గీత పడుతుంది. ఇదిగో, దీని మీదా ఉంది. ముక్కల అంచులు ఎవరు కోస్తారో నాకు తెలీదనుకున్నావా? మోసగాళ్లు కోస్తారు, కావలసిన ముక్కను చేత్తో తడిమి పట్టుకోడానికి."

"ఆటకు కాదు సార్. నా చేతులు చిన్నయి సార్, కట్ట పట్టక కోసిన" అన్నాను. ఆ మాట నా చెవికే అబద్ధంలా వినిపించింది. నిజం చెప్పినా అబద్ధంలా వినిపించడం ఎంత భయంకరమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. నా భార్య, ఏడో నెల, ఎనిమిదేళ్ల చాకిరీ, అన్నీ ఆ బొటనవేలంత మందం కట్టలో చిక్కుకుని ఉన్నాయి.

"ఆటకు కాకపోతే దేనికో చూపించు" అన్నారు.

రెండుసార్లు కింద పడేశాను. మూడోసారి కట్ట చీలింది, కలిసింది, విప్పారింది. సారు కళ్లు కట్ట మీంచి నా చేతి మీదికి వచ్చాయి.

"నువ్వు ఎడమచేతివాటమా?"

"కాదు సార్."

"కత్తి కుడిచేత్తో పడతావు, సంతకం కుడిచేత్తో చేస్తావు. మరి ఇదంతా ఎడమచేత్తో చేస్తావేంటి?"

నా చేతిని నేనే వింతగా చూసుకున్నాను. నిజంగా అప్పటిదాకా నాకు తెలియదు. క్యాసెట్ సంగతి చెప్పక తప్పలేదు. సారు నన్ను వెంటబెట్టుకుని వీడియో గదికి నడిచారు. మమ్మల్ని చూడగానే మా షడ్డకుడు బిర్రబిగుసుకుపోయి, "నాకేం తెల్వది సార్, బటన్ నొక్కుమంటే నొక్కిన" అన్నాడు, ఇంకా ఎవరూ ఏమీ అడగకముందే.

తెర మీద ఆ మనిషి మాకు ఎదురుగా కూర్చుని కుడిచేత్తో తిప్పుతున్నాడు. అతని కుడిచెయ్యి నాకు ఎడమవైపు కనబడితే, అద్దంలో చూసుకున్నట్టు నేను ఎడమచేతికి నేర్పాను. సారు మొదటిసారి నవ్వడం ఆ రోజే చూశాను. "ఓరి పిచ్చోడా! పేకాట దగ్గర నేర్చినవాడైతే పక్కవాణ్ణి చూసి కుడిచేత్తోనే నేర్చేవాడు. నువ్వు నిజంగానే ఈ టీవీని చూసి నేర్చావయ్యా" అన్నారు.

ఊపిరి పీల్చుకున్నాను, కానీ ఆయన అక్కడితో ఆగలేదు. "నేను నమ్మాను. జాబితా మీద సంతకం పెట్టేవాళ్లకు ఈ క్యాసెట్ ఎవరు చూపిస్తారు?" అని, నన్ను మళ్లీ మా సెక్షన్‌కు తీసుకొచ్చి, కట్ట నా చేతికిచ్చి, మిషన్ వైపు చూపించారు.

కట్టను బిగించాను. హ్యాండిల్ దించాను. ఒక్క చప్పుడు. ఆరు నెలల నా సాధన సగం సగం ముక్కలుగా పడింది. వాటిని చెత్తబుట్టలో వేయమని చెప్పి సారు వెళ్లిపోయారు. వేయలేదు. ఆ వారం బైండింగుకు వచ్చిన పుస్తకాల వెన్నుల్లో బలం కోసం పెట్టే పట్టీలకు బదులు, ఆ ముక్కలనే వరసగా అంటించి, పైన గుడ్డ కప్పేశాను. అలా కట్ట మొత్తం లైబ్రరీ అల్మారాల్లోకి చేరింది.

పర్మనెంటయ్యాను. మళ్లీ ముక్క పట్టలేదు. చాలా ఏళ్ల తర్వాత ఈ సంగతి నా భార్యకు చెబితే ఆమె ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "నాకెర్కే. బకెట్ల ఇస్పేట్ రాణి తేలింది ఒకపారి. తుడిచి మళ్ల నీ అంగి జేబుల పెట్టిన. అడుగుదమంటే నువ్వు బెదురుతవని, అడగకుంటే కొలువు పోతదని, గా మూడు నెలలు నాకు నిద్ర లేదు" అంది. నేనొక్కణ్ణే భయపడ్డాననుకున్నాను.

మెట్రోలో ఆ కుర్రవాడి చేతిలోంచి ఒక ముక్క జారి నా కాళ్ల దగ్గర పడింది. తీసి ఇస్తూ, ఎలా నేర్చావు నాయనా అని అడిగాను. "వీడియోలు చూసి అంకుల్. చేతుల వెనకనుంచి తీస్తరు, మన చెయ్యే అనిపిస్తది" అన్నాడు. వెనకనుంచి తీస్తారట! ఆ ఒక్క తెలివి ఆ చేటచేతుల మనిషికి ఉండి ఉంటే నా కుడిచేతికి విద్య వచ్చేది, నా ఉద్యోగం పోయేది. మెట్టుగూడలో దిగి, మెట్లు దిగుతూ చూసుకుంటే నా ఎడమచేతి వేళ్లు వాటంతటవే ముడుచుకుంటూ విప్పుకుంటూ ఉన్నాయి.

ఇప్పుడు పాత పుస్తకాలకు వెన్నులు కట్టేవాళ్లు లేరు, చినిగితే తీసేస్తారని విన్నాను. అప్పుడు నేను కట్టినవాటిలో ఎన్ని మిగిలాయో తెలియదు. ఏ విద్యార్థో ఒక లావు పుస్తకాన్ని బల్ల మీద తెరిచినప్పుడు, దాని వెన్ను ఇంకా నిటారుగా నిలబడితే, లోపల సగం ఇస్పేట్ రాణి ఉందని అతనికి తెలియదు. తెలిసినా ఈ రోజుల్లో నవ్వుతాడంతే, భయపడడు. భయపడవలసిన పని లేకుండా ఒక వస్తువును చేతిలో పట్టుకోవడం ఎలా ఉంటుందో మాత్రం, నేను నేర్చుకోకుండానే ముసలివాణ్ణయ్యాను.