పటం వెనక్కి తిప్పితే

బాగేపల్లి నుంచి చిక్కబళ్ళాపురం కాలేజీకి రోజూ బస్సులో పోయి రావడం నా ఉద్యోగంలో సగం. మిగతా సగం ఫిజిక్స్ పాఠం చెప్పడం. ఆ ప్రయాణాల్లోనే ఫోనులో పాతకాలపు రోల్ ప్లేయింగ్ గేములు ఆడటం అలవాటైంది. గళ్ళు గళ్ళుగా కనబడే బొమ్మలు, ఒక కత్తి, ఒక కోట, కోట కింద అంతులేని నేలమాళిగ. ఇప్పటి గేములు ఎటు పోవాలో బాణం గుర్తు వేసి మరీ చూపిస్తాయి. ఇవి చూపించవు. మనమే పటం గీసుకోవాలి, దారి తప్పాలి, చావాలి, మళ్ళీ మొదలుపెట్టాలి. నాకు నచ్చిందీ అదే. నచ్చనిది ఫోనే. బొటనవేలు పెడితే సగం కోట కనబడదు.

ఈ గేముల గురించి మాట్లాడేవాళ్ళు మా స్టాఫ్ రూములో ఎవరూ లేరు. వెతగ్గా వెతగ్గా ఒక చిన్న సోషల్ మీడియా దొరికింది. దానికి ఒక కంపెనీ, ఒక యజమాని అంటూ లేరు. ఆసక్తి ఉన్నవాళ్ళు ఎవరికి వాళ్ళు చిన్న సర్వర్లు నడుపుకుంటారు, ఒక సర్వర్లోని వాళ్ళు ఇంకో సర్వర్లోని వాళ్ళతో మాట్లాడుకోవచ్చు. ఎందులో చేరాలో తేల్చుకోవడానికే నాకు రెండు రోజులు పట్టింది. చేరాక మాత్రం హాయిగా ఉంది. ప్రకటనలు లేవు, నేను అడగని పెళ్ళి వీడియోలు లేవు.

అక్కడే ఒక పెద్దాయన పరిచయమయ్యారు. పెద్దాయన అని నేను అనుకున్నాను. అసలు పేరు లేదు, కవచం తొడుక్కున్న బొమ్మ ఒకటి ఉండేది. ఇంగ్లీషు మాత్రం రాజసభలో మాట్లాడినట్టు రాసేవారు. నేను ఎక్కడైనా ఇరుక్కుంటే, ‘ఓ బాటసారీ, ఉత్తర ద్వారమును నమ్మకుము’ అనే ధోరణిలో జవాబొచ్చేది. ఏ లండన్ పక్కనో తెల్లగడ్డంతో కూర్చున్న రిటైర్డ్ ప్రొఫెసర్ని ఊహించుకున్నాను. ఆయనకు రాసేటప్పుడు స్పెల్లింగులు రెండుసార్లు చూసుకునేదాన్ని.

పోయిన వేసవిలో ఆ నేలమాళిగ నాలుగో అంతస్తులో పూర్తిగా దారి తప్పాను. తెలుగులో గుర్తులు రాసుకుంటూ గీసుకున్న పటం ఫోటో తీసి అక్కడ పెట్టాను. గీసింది మా కాలేజీ పాత ప్రశ్నపత్రం వెనక. కాగితం పల్చనిది, అవతలి పక్క కన్నడ అక్షరాలు, ఊరి పేరు తిరగేసి కనబడుతున్నాయి. నేను గమనించలేదు. మర్నాడు బస్సులో ఉండగా ఆ పెద్దాయన నుంచి జవాబొచ్చింది, తెలుగులో.

‘మీరు తూర్పు, పడమర తారుమారు చేసినారు. మీది చిక్కబళ్ళాపురమా? నాది చింతామణి.’

నా మొహం ఎట్లా మారిందో ఏమో, పక్క సీటావిడ “ఏమమ్మా, ఇంట్లో అందరూ బాగుండారా?” అని అడిగింది.

ఆ శనివారమే శిడ్లఘట్ట మీదుగా చింతామణి పోయాను. ఆయన రాసి పంపిన గుర్తుల ప్రకారం పోతే అది లేడీస్ టైలరింగ్ షాపు. మెడలో టేపు వేసుకుని, యాభై దాటిన ఒకామె మిషన్ ముందు కూర్చుని ఉంది. నేనెవరో చెప్పాను.

“నేనే అమ్మా రాసేది. కూర్చోండి, ఆ గుడ్డలు పక్కకు జరపండి.”

“మీరు ఇంగ్లీషు యాడ నేర్చుకున్నారమ్మా?”

“ఈ గేముల్లోనే. నేను చదివింది కన్నడ మీడియం, పదో తరగతి దాకా. మా ఆయన పాత కంప్యూటర్ ఒకటి తెస్తే దాంట్లో ఇవి ఉండె. ఏం చెప్తాండారో తెలీకపోతే సచ్చిపోతాం కదా. డిక్షనరీ పెట్టుకొని చదివితిని.” నా వైపు తిరిగి, “ఏం, తప్పుగా ఉండాదా?” అంది.

“తప్పేం లేదు. రాజులు మాట్లాడినట్టుండాది.”

“దాంట్లో మాట్లాడేది రాజులే కదా.”

తెల్లగడ్డం సంగతి ఒప్పుకున్నాను. నవ్వడానికి ఆమె నోట్లోని గుండుసూదులు తీసి పక్కన పెట్టాల్సి వచ్చింది.

ఆమె దగ్గరున్నది బటన్ల ఫోను. నా ఫోను చేతికిస్తే దూరంగా పట్టుకుని చూసి వెనక్కి ఇచ్చేసింది. టికెట్టు, బ్యాంకు, దారి, అన్నీ ఇందులోనే ఉన్నాయని వాదించాను.

“అన్నీ దాంట్లోనే ఉంటే, కుట్టేటప్పుడు కూడా అది పిలుస్తానే ఉంటాది” అంది.

కూర్చున్నప్పటి నుంచి నేను మూడుసార్లు ఫోను చూసుకున్నాను. దాన్ని తీసి సంచిలో వేసేశాను.

మూలనున్న కంప్యూటర్ ముందుకు ఇద్దరం కుర్చీలు లాక్కున్నాం. పెద్ద తెర మీద ఆ కోట మొత్తం ఒక్కసారి కనబడితే నాకు ప్రాణం లేచివచ్చింది. అయినా వరసగా చచ్చాం. జాకెట్టు కోసం వచ్చిన ఒక పెద్దావిడను “హుక్కులు కుట్టేది ఒకటే ఉండాది, కూర్చోమ్మా” అని ఆమె కూర్చోబెట్టింది. ఆవిడ వెనక స్టూలు మీద నుంచి మమ్మల్నే చూస్తూ ఉంది.

“కుడిపక్క మూడు తూర్లు పోయి సచ్చినారు. ఈసారి ఎడమపక్క పోకూడదా?” అంది చివరికి.

ఎడమపక్క గోడ ఉందని మేమిద్దరం ఎప్పుడో తేల్చేశాం. పెద్దావిడ మాట తీసేయలేక పోయి చూస్తే, గోడ జరిగి మెట్లు కనబడ్డాయి.

ఆ రోజు హుక్కులు కాలేదు. జాకెట్టు కోసం ఆవిడ మరుసటి శనివారం మళ్ళీ వచ్చింది, నేనూ పోయాను. అయిదో అంతస్తులోకి ముగ్గురం కలిసే దిగాం.