వరహాలమ్మ గారి ఐదువందల బోర్

1979లో జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వ్ నుంచి నన్ను ఆర్మరర్‌గా నర్సీపట్నం పంపారు. ఆర్మరర్ అంటే ఆయుధాలు విప్పి, శుభ్రం చేసి, బాగుచేసే హెడ్ కానిస్టేబుల్. స్టేషను తుపాకులతో పాటు లైసెన్సుదారుల తుపాకుల తనిఖీ కూడా నా పనే.

ఆ వేసవిలో రోలుగుంట దగ్గరి చెరకు రైతు వరహాలమ్మ గారు, చనిపోయిన భర్త రైఫిల్‌కు లైసెన్సు తన పేరున ఇమ్మని అర్జీ పెట్టుకున్నారు. అడవిపందులు తోటను దున్నేస్తున్నాయి. ఆమె తుపాకీ పేల్చగలరో లేదో చూసి రిపోర్టు రాయమని మా ఇన్‌స్పెక్టర్ గారికి కాగితం వచ్చింది.

అది ఒక్కొక్క తూటా పెట్టి పేల్చే పాతకాలపు ఐదువందల బోర్. గొట్టం రంధ్రమే అరంగుళం ఉంటుంది. పోలీసులు కాల్పులు సాధన చేసే రేంజిలో మొదటి తూటా పేల్చగానే ఆమె వెనక్కి తూలిపోయారు. తుపాకీ పట్టుకున్న బొటనవేలు ముక్కుకు కొట్టుకుని నెత్తురొచ్చింది. గుండు ఎటు పోయిందో తెలియలేదు.

వెంట వచ్చిన మరిది సన్యాసినాయుడు ముందుకొచ్చాడు. "మా వొదిన వల్ల కాదు బాబూ. ఈ తన్నుడికి మగోళ్లమే ఆగలేం. లైసెన్సు నా పేర రాసీండి."

ఆమె కొంగుతో ముక్కు అదుముకున్నారు. "నా సెరుకు నేనే కాసుకుంటాను. ఇంకోటి ఎట్టండి, పేలుస్తాను."

ఇన్‌స్పెక్టర్ గారు సరేనన్నారు. నేను తుపాకీ తెరిచాను. ఖాళీ తూటా ఊడి రాలేదు. గొట్టం శుభ్రం చేసే కడ్డీతో ముందునుంచి పొడిచి తీయాల్సి వచ్చింది. తూటా అడుగున సుత్తి తగిలే మూత అణిగి చదునైపోయింది. లోపల ఒత్తిడి మితిమీరిందనడానికి అవి గుర్తులు. పరీక్ష ఆపమని ఇన్‌స్పెక్టర్ గారిని కోరి, గొట్టం కిందనున్న చెక్క విప్పి చూశాను. పొగ వచ్చే పాతకాలపు నల్ల తుపాకిమందుకు పరీక్షించిన ముద్ర ఉంది. ఇప్పటి పొగలేని మందుకు పరీక్షించిన ముద్ర లేదు. ఆ బోర్‌లో రెండు రకాల తూటాలూ ఒకే కొలతలో వస్తాయి, ఏదైనా పడుతుంది. కానీ పొగలేని మందు పూర్తిగా నింపినదాని బలం చాలా ఎక్కువ.

తూటాలు ఎవరు తెచ్చారని అడిగాను.

"అన్నయ్య పోయినాక నానే తెచ్చినాను. పందికి కదా, గట్టివి ఇమ్మన్నాను," అన్నాడు సన్యాసినాయుడు. తర్వాత గొంతు తగ్గించి, "ఇంకోటి పేలిస్తే ఏటయ్యేది బాబూ?" అన్నాడు.

గొట్టం పగిలే అవకాశం ఉందని చెప్పాను. అతను వదిన మొహం వంక చూసి, మిగిలిన తూటాలన్నీ నా చేతిలో పెట్టేశాడు.

పాత తుపాకుల కోసం తక్కువ మందుతో చేసిన తూటాలు ఉంటాయి. వాటి పేరు కాగితం మీద రాసిచ్చాను. మర్నాడే బస్సెక్కి విశాఖ వెళ్లి, డీలరు దగ్గర పాత సరుకు వెతికించి తెచ్చింది సన్యాసినాయుడే. ఈలోగా నేను గొట్టంలో పగుళ్లు లేవని చూసి, భుజానికి ఆనే తుపాకీ మడమకు రబ్బరు మెత్త బిగించాను.

రెండోసారి వరహాలమ్మ గారు కూర్చుని, మోచేతులు మోకాళ్ల మీద ఆనించి పేల్చారు. గురికి పెట్టిన బల్ల మధ్యలో అరంగుళం రంధ్రం పడింది. ఆమె నా వైపు తిరిగారు.

"ఇదేటి బాబూ, ఇంతేనా!"

సన్యాసినాయుడు అందరికంటే గట్టిగా నవ్వాడు. లైసెన్సు ఆమె పేరునే వచ్చింది.

ఆ తర్వాత సర్వీసంతా, తుపాకీ తన్నుతోందని ఎవరు వచ్చినా పట్టే పద్ధతి నేర్పే ముందు గొట్టం మీది ముద్ర, పేలిన తూటా అడుగు చూసేవాణ్ణి. మనిషికి ధైర్యం ఉందా లేదా అన్నది ఆర్మరర్ తేల్చాల్సిన విషయం కాదు. ఆ తుపాకీకి ఆ తూటా తగినదా కాదా అన్నదే అతని పని.