రెండు సీడీల్లో ఒకే ముఖం

మొన్న మా అమ్మాయి ఫోనులో ఏదో వెతుకుతుంటే పాత నలుపు తెలుపు ఇంగ్లీషు సినిమా ముక్క ఒకటి కదిలింది. టోపీ నుదుటి మీదికి లాక్కుని, కోటు కాలరు పైకెత్తి, వానకు తడిసిన వీధిలో నిలబడ్డ మనిషి. ఆ నటుడి పేరు నాకు ఇప్పటికీ తెలియదు. ముఖం మాత్రం మా చిన్నాయన ముఖమంత బాగా తెలుసు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను వనపర్తిలో కట్టెకోత మిల్లులో దుంగలు కొలిచేవాణ్ణి. చదివింది ఏడో తరగతి. దుంగ చుట్టుకొలత చూసి ఎన్ని ఘనపుటడుగుల కట్టె వస్తుందో చెప్పడం సొంతంగా నేర్చుకున్నాను. సినిమా చూస్తున్నా ఆ బుద్ధి పోయేది కాదు. ఎవరు ఎన్ని సిగరెట్లు వెలిగించారు, ఎన్ని తలుపులు తెరిచారు అని లెక్కపెడుతూ కూర్చునేవాణ్ణి. చిన్నాయన ఆదివారాలు ఆత్మకూరు నుంచి పదింటి బస్సుకు వచ్చేవాడు. బాగోతంలో ఆయనది మొదటి నుంచీ రాక్షస వేషమే. ఆట ఉన్నా లేకున్నా ఏడాది పొడుగునా ఆ వేషానికి పెంచిన మీసం అలాగే ఉండేది.

ఒక ఏడు రాజు వేషం కట్టే పెద్దాయన మోకాళ్లు పట్టేసి మానుకున్నాడు. ఆ రాజు రాజ్యం పోయి, భార్యాబిడ్డలతో అడవిపాలైనా పల్లెత్తు మాట అనని శాంతమూర్తి. ఆ వేషం కడతావా అని మేళం వాళ్లు చిన్నాయనను అడిగారు. జన్మకు ఒక్కసారైనా కట్టాలని ఆయన కోరిక. భయం కూడా అంతే. “నేను ఏడిస్తె జనం నవ్వుతరురా,” అన్నాడు నాతో.

ఆ ఆదివారం అద్దెకు తెచ్చినవి రెండు సీడీలు. సినిమాకు రెండు చొప్పున ఉండేవి. మా ఇద్దరికీ ఇంగ్లీషు రాదు. మొదటి సీడీలో టోపీ మనిషి బహు మెత్తనివాడు. జబ్బుపడ్డ చెల్లెలికి చెంచాతో తాగిస్తాడు, తలుపు చప్పుడైతే ఉలిక్కిపడతాడు. రెండో సీడీ పెట్టగానే అదే మనిషి ఒకణ్ణి మెట్ల మీది నుంచి తోసేసి, తాపీగా టోపీ సర్దుకున్నాడు. చిన్నాయన మంచం దిగి టీవీకి జానెడు దూరంలో కూర్చున్నాడు.

“మాటలు తెల్వకుండ ఏం సమజైతది మామా మీకు?” అంది మా ఆవిడ వంటింట్లోంచి.

“మాటలెందుకు బిడ్డా? గాయన భుజాలు జూడు. ఇందాక వంగినయి, ఇప్పుడు లేసినయి. గంతే, మనిషే మారిండు.”

“మరి చెల్లె ఏమైంది?”

“సచ్చిపోయినట్టుంది. గా దుఃఖంతోనే గిట్ల తయారైండు,” అన్నాను నేను, లెక్క తేల్చినట్టు.

చిన్నాయన తొడ చరిచాడు. “మంచోడు గింత దుర్మార్గుడైతుంటె, నేను జర మంచోణ్ణి కాలేనా? కడ్త నేను రాజు వేషం!”

మర్నాడు తిరిగివ్వబోతూ సీడీలు తిప్పి చూశాను. దుకాణపాయన సినిమాకు ఒక అంకె చొప్పున వాటి మీద రాసేవాడు. ఒకదాని మీద 114, రెండోదాని మీద 141. రెండూ వేర్వేరు సినిమాలు. దుంగలో అంగుళం తేడా పట్టే నేను ఇది పట్టలేకపోయాను. చెబితే చిన్నాయన ధైర్యం పోతుంది. చెప్పకపోతే ఆయన తప్పు లెక్క మీద నిలబడతాడు. రెండు రోజులు ఓర్చుకుని, బుధవారం ఆత్మకూరు బస్సెక్కాను.

వెళ్లేసరికి ఆయన చేతిలో అద్దం, ముఖాన సగం గొరిగిన మీసం. సంగతంతా విని, అద్దం దించాడు.

“అంటె గాయన మారలేదా?”

“లేదు చిన్నాయనా. గది వేరే సిన్మ, ఇది వేరే సిన్మ.”

పకపకా నవ్వాడు. “అరె పిచ్చోడా, గట్లయితె ఇంకా మంచిది గద! చెల్లె సచ్చి మారితె దుఃఖం మార్చినట్టు. ఏ దుఃఖం లేకుంట రెండు తీర్ల మనిషైండంటె గది ఆయన పనితనం!” అని మిగిలిన సగం మీసం కూడా తీసేశాడు.

కరెంటు మీద నమ్మకం లేక ఆ ఏడు షామియానా కింద పగలే ఆట పెట్టారు. తెర తీసి రాజు రాగానే నలుగురు నవ్వారు. లెక్కపెట్టాను కనుక చెబుతున్నాను. చిన్నాయన భుజాలు వంచి, ఆకలన్న బిడ్డను దగ్గరికి తీసుకుని పద్యం ఎత్తుకున్నాడు. రెండో పాదానికి ఆ నలుగురిలో ఒకాయన తువ్వాలుతో కళ్లు తుడుచుకుంటున్నాడు. ఆ తరువాత నేను ఎవరినీ లెక్కపెట్టలేదు, నాకే సరిగా కనిపించలేదు.

రాక్షసుడిగా ఆయన ఆడింది ఇరవై రెండేళ్లు, రాజుగా మూడేళ్లు. ఇప్పుడు ఆత్మకూరులో ఎవరిని కదిపినా “రాజు కట్టెటాయన” అనే అంటారు. ఇరవై రెండు కంటే మూడు పెద్దదని నేను నేర్చుకున్న ఏ లెక్కలోనూ లేదు, అది కాలం గడిచాకే తెలిసింది.