తేనెపెట్టె ముందు గొణుగుడు

దేన్నయినా అనుమానించడమే తెలివి అనుకునే వయసొకటి ఉంటుంది. ఆ రోజుల్లో, అంటే పంతొమ్మిదివందల అరవైల చివర, నాకది మరీ ముదిరింది. విజయనగరం చర్చావేదికల మీద మంత్రాల మోసాన్ని ఎండగట్టి, చప్పట్లు మూటగట్టుకుని, సాలూరు పక్క పల్లెలో బడిపంతులుగా చేరాను. మకాం అక్క ఇంట్లో. లారీ నడిపే బావ రాయపూర్ వెళుతూ పెరట్లోని తేనెపెట్టె నాకప్పగించాడు. "పది దినాల్లో వస్తాను. ఈగలు లేసిపోతే మరి తిరిగి రావు. పెట్టి కాళీ అయిందో, నీ మొకం సూడనురా బామ్మర్దీ" అన్నాడు.

నాలుగో రోజుకే పెట్టె ముందు తలలు తెగిన ఈగలు కనిపించాయి. (ఇంకొకరైతే చేతబడి అనేవారు. నేను హేతువాదిని కదా, మనిషిని అనుమానించాను.) మనిషీ దొరికాడు. పక్కింటి ముసలి రైతు, ఊరందరికీ గొణుగుడు తాత. రోజూ మధ్యాహ్నం నేను భోజనానికి వచ్చేసరికి, తాటిమట్ట పట్టుకుని మా పెట్టె ముందు కూర్చుని ఉండేవాడు. పెదాలు కదులుతాయి, మాట వినపడదు. ఇంకేం కావాలి? మంత్రం మాటున తేనె కాజేస్తున్నాడని తీర్పు రాసేసుకున్నాను.

"తాతా, మీ మంత్రాలు ఇక్కడ చెల్లవు. రేపట్నుంచి రాకండి" అన్నాను, వేదిక మీది గొంతుతో.

ఆయన నన్నూ పెట్టెనూ మార్చి మార్చి చూశాడు. "రాకపోతే రాను మేస్టారూ. మట్ట పట్టుకుని ఎవులో ఒకలు కూకోవాల మరి."

"ఆ మట్ట సంగతీ నాకు తెలుసు." (తెలియదు.)

"సదువుకున్నోడివి, ఒక్కపాలి ఏటని అడగొచ్చు కదరా" అంది అక్క వంటింట్లోంచి. మోసగాణ్ణి అడిగితే మోసమే చెబుతాడని ఆమెకు వివరించాను.

ఆదివారం మధ్యాహ్నం, తాత దొంగచాటుగా వస్తాడని గడ్డివాము వెనక కాపు కాశాను. ఆయన రాలేదు. కాసేపటికి చూస్తే పెట్టె గుమ్మం దగ్గర ఈగలు ఒకదాని మీదొకటి ఎక్కి నిమ్మకాయంత ముద్దయి వణుకుతున్నాయి. తాత ఏదో పొడి చల్లి పోయుంటాడు, పిచ్చెక్కి ఒకదాన్నొకటి చంపుకుంటున్నాయి అనుకున్నాను. జాలిపడి గొడుగు కొనతో ముద్దను విడదీశాను. లోపల్నుంచి బొటనవేలంత కందిరీగ బయటపడి, విడిపించినవాడి కనుబొమ్మ మీదే కుట్టింది. మిగతా మొహం సంగతి ఈగలు చూసుకున్నాయి.

నా కేకకు తాత కంచె దాటి వచ్చాడు. కందిరీగ మళ్లీ గుమ్మం ముందు గాల్లో నిలబడేదాకా ఆగి, మట్టతో ఒక్క దెబ్బ వేశాడు.

"ఇది ఒక్కో ఈగనీ పట్టి తల కొరికేస్తాది. అవన్నీ కలిసి దీన్ని సుట్టుముట్టి, ఒంటి యేడితో ఉడకబెట్టి సంపుతన్నాయి. నువ్వెళ్లి జామీనిచ్చీసినావు."

"మరి ఆ మంత్రం?" అన్నాను, తెరుచుకుంటున్న ఒక్క కంటితో చూస్తూ.

"మంత్రవేటి మేస్టారూ. దాన్ని తిడతన్నాను. మీ అక్క ఇంటాదని గొంతు దించి తిడతన్నాను."

మర్నాడు బావ దిగాడు. పెట్టె కళకళలాడుతూనే ఉంది. నా మొహం చూసి మాత్రం, "ఎవులు కావాల బాబూ?" అన్నాడు.

మంత్రాలను నేను ఇప్పటికీ నమ్మను. కాకపోతే ఎవరి పెదాలైనా కదులుతుంటే, ఖండించే ముందు దగ్గరికెళ్లి వింటాను. తాత పోయి చాలా ఏళ్లయింది. ఆ తిట్లు ఒక్కసారైనా పక్కన కూర్చుని వినలేదు.