నా మీద ఫిర్యాదు లేదు

నా బావమరిది బడి పెడుతున్నాడంటే ముందు నవ్వాను. విశాఖపట్నంలో కాలేజీ పిల్లలకి ఫిజిక్సు చెప్పుకుంటూ హాయిగా ఉన్నవాడు. అది మానేసి వచ్చి, పాతపట్నానికి కాస్త దూరంలో ఉన్న వాళ్ళ జీడితోటలో రెండు రేకుల షెడ్లు వేశాడు. ఇక్కడ బెత్తం ఉండదు, ర్యాంకులుండవు, రూల్సు పిల్లలే పెట్టుకుంటారు, పెద్దవాళ్ళూ వాటికి లోబడాల్సిందే అన్నాడు. పిల్లలు రూల్సు పెడితే రోజూ ఆదివారమే అంటార్రా అన్నాను. "అననీ బావా. నాలుగు రోజులకి ఆల్లకే విసుగొస్తాది" అన్నాడు. వాడితో వాదించి గెలిచినవాడు మా ఇంట్లో ఇంతవరకూ లేడు. మా ఆవిడ ఎలాగూ తమ్ముడి పక్షమే. అలా మా అమ్మాయి ఆ జీడితోట బడిలో చేరింది.

నాకు బజారులో ఇనపసామాన్ల కొట్టుంది. మేకులు, తలుపు బందులు, తాళాలు, బావి గిలకలు అమ్ముతాను. సరిహద్దు అవతల నుంచి ఒడియావాళ్ళు కూడా వస్తారు. మా ఆవిడ మండలాఫీసులో పని ముగించుకుని వచ్చేదాకా సాయంత్రాలు పిల్ల నా దగ్గరే, కొట్లోనే ఉంటుంది. అంటే రోజులో దానితో ఎక్కువసేపు గడిపేది నేనే. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, లెక్క ప్రకారం అది నా పిల్ల కావాలి. అది మాత్రం వాడి పిల్ల అయిపోయింది.

నోరు తెరిస్తే "మావయ్య సెప్పాడు." వాన ఎందుకు పడుతుందో మావయ్య చెప్పాడు. చీమలు వరసలో ఎందుకు నడుస్తాయో మావయ్య చెప్పాడు. సరే, అవన్నీ వాడు చదువుకున్న విషయాలు, పోనీలే అనుకున్నాను. ఒకరోజు కొట్లో తుప్పుపట్టిన గొళ్ళెం చూపించి, సముద్రం దగ్గర ఊళ్ళవాళ్ళు ఇనప బందులు కొనకూడదు, ఉప్పుగాలి వాటిని రెండేళ్ళలో తినేస్తుంది, ఇత్తడివి కొనుక్కోవాలి అని దానికి చెప్పాను. బుద్ధిగా విన్నది. మర్నాడు బడి నుంచి వస్తూనే, "నిజమే నాన్నా, మావయ్య కూడా అదే సెప్పాడు" అంది.

ఇనుము నాది. తుప్పు నాది. మా నాన్న నాటి నుంచి ఇనుములోనే బతుకుతున్నవాళ్ళం. దాని మీద కూడా వాడే ముద్ర వెయ్యాలా? ఆ రోజు ఒక ముసలాయన మేకులు సన్నంగా ఉన్నాయన్నందుకు ఆయన మీద ఒంటికాలి మీద లేచాను. పాపం, ఆయనకీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

నాకున్న ఓదార్పు ఒక్కటే. ఆ బడిలో శనివారం శనివారం సభ జరుగుతుంది. ఎవరి మీద ఎవరైనా ఫిర్యాదు చెయ్యొచ్చు, టీచర్ల మీద కూడా. మా అమ్మాయి తన మీద చాలాసార్లు చేసిందని బావమరిది ఒకసారి మా ఇంట్లో నవ్వుతూ చెప్పాడు. నాకు లోపల లడ్డూ తిన్నట్టయింది. "సూశావా, ఇంట్లో మాత్రం నా మీద ఇంతవరకు ఒక్క మాటన్నేదు. నోట్లో నాలుక నేని పిల్ల" అన్నాను. వాడు ఏదో అనబోయి, మానేసి, టీ తాగాడు. ఆ మౌనాన్ని నేను ఓటమి కింద జమకట్టుకున్నాను.

మాట వినకపోతే దాన్ని దారికి తెచ్చే మందు కూడా నా దగ్గర ఉండేది. మా అన్నయ్య కొడుకు శ్రీకాకుళంలో పెద్ద స్కూలు హాస్టల్లో చదువుతున్నాడు, ఎక్కాలు గడగడా అప్పజెప్తాడు. మా అమ్మాయి పాలు తాగకపోయినా, జవాబు ఆలస్యంగా చెప్పినా, "వచ్చే ఏడు నీకూ శ్రీకాకుళం హాస్టలే" అనేవాణ్ణి. వెంటనే నోరు మూసుకునేది. ఎంత బుద్ధిమంతురాలో అనుకునేవాణ్ణి.

ఈ ఏడు మాత్రం ఉత్త బెదిరింపు కాదు. వేసవితో ఆ బడి మానిపించేద్దామని నిశ్చయించుకున్నాను. మా ఆవిడకి చెప్పిన కారణం ఎక్కాలు. అసలు కారణం మావయ్య. ఆ మాట వాడి మొహం మీదే చెప్పేద్దామని ఒక శనివారం కొట్టు కుర్రాడికి అప్పజెప్పి బండి మీద తోటకి వెళ్ళాను.

నేను వెళ్ళేసరికి సభ మొదలవుతోంది. రేకుల షెడ్డులో అందరూ నేల మీద గుండ్రంగా కూర్చున్నారు, మా బావమరిది కూడా. ఆ వారం అధ్యక్షురాలు కొండ దిగువ సవర గూడెం నుంచి వచ్చే పిల్ల, పదేళ్ళుంటాయేమో. చేతిలో స్టీలు పళ్ళెం, గరిటె. చెయ్యెత్తి, వంతు వచ్చేదాకా ఆగకుండా ఎవరు మాట్లాడినా పళ్ళెం మీద టంగుమని కొడుతుంది. నాకు వెనక కుర్చీ వేశారు. చుట్టాలు వినొచ్చుగానీ మాట్లాడకూడదట. కన్నతండ్రిని, నేను చుట్టాన్నట.

ఎవడో ఎవడి చెప్పులో దాచాడన్న తగువు తేలాక మా అమ్మాయి చెయ్యెత్తింది. లేచి నిలబడింది. "నా కంప్లైంటు మావయ్య మీద" అంది.

నేను కుర్చీలో ముందుకు జరిగాను. ఎంత సంబరపడ్డానో చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది.

"భావనపాడు సముద్రం కాడికి తీసికెళ్ళి వలలు లాగడం సూపిస్తానని మావయ్య సబలో మాటిచ్చాడు. ఓసారి ఎవరో బడి సూడ్డానికొస్తన్నారని ఆపేశాడు. మల్లీ ఆపేశాడు. మాటిచ్చింది సబకి. మార్సినప్పుడు సబనెందుకు అడగలేదు?"

గొంతు వణకలేదు. ఆ గొంతు దానికుందని నాకు తెలియదు. మా బావమరిది "అది కాదమ్మా, ఆరోజు" అంటూ మొదలెట్టాడు. పళ్ళెం మోగింది. "సెయ్యెత్తు మావయ్యా. నీ వొంతు రాలేదు" అంది నా కూతురు. అంత చదువుకున్నవాడు నోరు మూసుకుని చెయ్యెత్తి కూర్చున్నాడు. ఇద్దరు పిల్లలు మాట్లాడాక వాడి వంతు వచ్చింది. అడగకపోవడం తప్పేనన్నాడు. వారం పాటు మధ్యాహ్నం వంట గిన్నెలు మావయ్యే తోమాలని, భావనపాడు ఎప్పుడు వెళ్ళాలో పిల్లలే తేల్చాలని చేతులెత్తి తీర్మానించారు. మావయ్యకి నడుంనొప్పి, వారం ఎక్కువని ఒక బుడ్డోడు వాదించాడుగానీ నెగ్గలేదు.

ఇక వీడు ముఖం మాడ్చుకుంటాడు, ఇది భయపడి నా దగ్గరికి పరిగెత్తుకొస్తుంది అనుకున్నాను. భోజనాలయ్యాక కుళాయి దగ్గరికి వెళ్ళి చూస్తే, వాడు గొంతుక్కూర్చుని అన్నం డేక్సా తోముతున్నాడు. మా అమ్మాయి వాడి వీపు మీద వాలిపోయి, భుజం మీంచి తొంగి చూస్తూ, అడుగున మసి ఇంకా ఉందని వేలు పెట్టి చూపిస్తోంది. ఇద్దరూ పగలబడి నవ్వుతున్నారు.

నా కడుపు మండిపోయింది. ముద్దు చేస్తున్నందుకు కాదు, ముద్దులు నేనూ చేస్తాను. అందరి ముందూ నిలదీసి, వెంటనే వెళ్ళి ఆ వీపు మీదే వాలిందే, అందుకు. నాతో అది ఎప్పుడైనా అలా పోట్లాడిందా? నా మీద ఫిర్యాదు లేదని ఇన్నాళ్ళూ ఊరేగాను. ఉన్నట్టుండి అది డొల్ల గొప్పలా అనిపించింది. ఆ డేక్సా నాకిస్తే బాగుండును అనిపించింది. మానిపిస్తానన్న మాట వాడితో అనకుండానే పిల్లని బండెక్కించుకున్నాను.

దారిలో అడిగాను, నా మీద నీకేమైనా కంప్లైంటు ఉందా అని. "ఏటీ నేదు నాన్నా. నువ్వు మంచోడివి" అంది. తడుముకోకుండా, మా అన్న కొడుకు ఎక్కాలు అప్పజెప్పినట్టు అంది.

ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పుకున్నాను, నీ తమ్ముడికున్న అదృష్టం నాకు లేదు అని. ఆవిడ వంకాయలు తరుగుతోంది. తల కూడా ఎత్తలేదు. "మావయ్యతో పోట్లాడితే ఆడు గిన్నెలు తోముతాడు. మీతో పోట్లాడితే దానికి హాస్టలు. మీరే అయితే ఎవరితో పోట్లాడతారు?" అంది.

ఆ వారమంతా నేను హాస్టలు మాట ఎత్తలేదు. కష్టమే అయింది, నోటి చివరిదాకా వచ్చేది.

ఆదివారం కొట్టు ఒక తలుపు మాత్రమే తెరిచి ఉంచుతాను. మా అమ్మాయి కింద గోనె మీద కూర్చుని, కలిసిపోయిన నట్లూ బోల్టులూ సైజుల వారీగా డబ్బాల్లో వేస్తోంది. నేను బల్ల మీద బందులకి నూనె రాస్తున్నాను. అది ఒక బోల్టుకి నట్టు బిగిస్తూ, విప్పుతూ, మళ్ళీ బిగిస్తూ, చాలాసేపటికి, "నాన్నా, ఒకటున్నాది" అంది.

"ఏటమ్మా?"

"సెప్తే బడి మానిపించెయ్యవు కదా?"

ఆ ప్రశ్న నేనే ఇన్నేళ్ళుగా దాని నోట్లో పెట్టానని తెలుస్తూనే ఉంది. అంతకన్నా ఎక్కువ బాధేమిటంటే, ఇలాంటి హామీ అది మావయ్యని ఎప్పుడూ అడిగి ఉండదు. ఇప్పుడు కూడా వాడే గుర్తొచ్చాడు, ఏం చెయ్యను. "మానిపించను. వచ్చే ఏడూ అక్కడే" అన్నాను.

అది నా మొహం పరీక్షగా చూసి, బోల్టు కింద పెట్టింది. "కొట్లోకి ఎవులైనా వస్తే నన్ను ఎక్కాలడుగుతావు. నాకు రాకపోతే ఆల్లతో కలిసి నవ్వుతావు. ఆల్లు మేకులు కొనుక్కుని ఎలిపోతారు. నేను అమ్మొచ్చిందాకా ఇక్కడే కూకోవాల."

"ఓసి పిచ్చిదానా, అది సరదాకి" అని మొదలెట్టాను.

పళ్ళెం లేదు. చేతికి దొరికిన బోల్టుతో నట్ల డబ్బా మీద టంగుమని కొట్టింది. "సెయ్యెత్తు నాన్నా. నా కంప్లైంటు అవలేదు. నీ వొంతు రాలేదు."

గొంతు వణకలేదు. మావయ్యతో మాట్లాడిన గొంతే.

నూనె చెయ్యి ఎత్తాను. నూనె మోచేతి దాకా కారింది. అది చెప్పుకుపోతోంది. చాలానే ఉన్నాయి. ఇంతలో ఒకాయన లోపలికి తొంగి చూసి, రెండంగుళాల మేకులున్నాయా అని అడిగాడు. నేను చెయ్యి దించలేదు.

"కాసేపాగు బాబూ" అన్నాను. "నా వొంతింకా రాలేదు."